కారం గిర్ని ఎర్తింగ్ లెక్క: ఎక్కడ భాగించాలి, ఎక్కడ గుణించాలి

మీ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి, ముందు వాటిని నా మాటల్లో ఒకసారి చెప్పి జవాబులోకి వస్తాను. వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్ దగ్గర రేకుల షెడ్డులో పెడుతున్న కారం గిర్నికి మీరు వైరింగ్ చేస్తున్నారు. పది హెచ్‌పీ మోటారు ఒకటి, ఐదు హెచ్‌పీ మోటారు ఒకటి, లైట్లు, సాకెట్లు ఉన్నాయి. మెయిన్‌లో సీ32 ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే సప్లై తెంపే స్విచ్, సీ రకం, 32 ఆంపియర్లది) పెట్టారు. రెండు ఎర్త్ గుంతలు తవ్వించి కొలిస్తే ఒకటి 6 ఓములు, మరొకటి 9 ఓములు చూపింది. సూత్రం ప్రకారం 1/6 + 1/9 చేస్తే 0.28 వచ్చింది కాబట్టి ఎర్తింగ్ బ్రహ్మాండంగా ఉందని, ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే సప్లై తెంపే స్విచ్) ఖర్చు మానుకోవచ్చని యజమానికి చెప్పవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. ఎండ వేడికి కేబుల్ పట్టికలో ఇచ్చిన 0.79 అనే గుణకంతో లోడును గుణించాలా, భాగించాలా అన్నది రెండవది. లోడులన్నీ ఒకేసారి నడవవని లెక్క తగ్గించే డైవర్సిటీ ఫ్యాక్టర్‌తో ఐటీఐలో భాగించమని చెప్పారు, కాంట్రాక్టరు గుణించమంటున్నాడు, ఎవరి మాట సరి అన్నది మూడవది.

ఆర్‌సీసీబీ మానవద్దు. మీ ఎర్త్ నిరోధం 3.6 ఓములు. మీకు వచ్చిన 0.28 అసలు ఓములే కాదు.

1/6 అంటే ఆరు ఓముల గుంత యొక్క వాహకత్వం (కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందన్న కొలత), 1/9 అంటే తొమ్మిది ఓముల గుంత యొక్క వాహకత్వం. రెండూ కలిపితే వచ్చిన 0.278 కూడా వాహకత్వమే. దాని ప్రమాణం ఇప్పుడు సీమెన్స్. పాత పుస్తకాల్లో ఓమ్ అన్న మాటను ఇంగ్లీషులో వెనుక నుంచి చదివి మో అని రాసేవారు, ఆ పేరే అది తలకిందుల కొలత అని గుర్తు చేసేది. ఆ 0.278కి మళ్లీ వ్యుత్క్రమం తీస్తేనే ఓములు వస్తాయి: 1 ÷ 0.278 = 3.6. క్యాలిక్యులేటర్‌లో వ్యుత్క్రమం మీట ఉంటే ఆరుకు ఒకసారి, తొమ్మిదికి ఒకసారి నొక్కుతాము, కూడిన తర్వాత మూడోసారి నొక్కాలి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ మూడో నొక్కుడు దగ్గరే జరిగాయి.

సూత్రం గుర్తు లేకపోయినా ఈ సంఖ్యను రాబట్టవచ్చు. రెండు గుంతలనూ కలిపిన పట్టీ మీద 36 వోల్టులు ఉన్నాయనుకోండి. ఆరు ఓముల గుంతలోకి 6 ఆంపియర్లు, తొమ్మిది ఓముల గుంతలోకి 4 ఆంపియర్లు పోతాయి, మొత్తం 10 ఆంపియర్లు. 36 వోల్టులకు 10 ఆంపియర్లు పోతే నిరోధం 3.6 ఓములే కదా. సమాంతరంగా ఉన్నప్పుడు కలిసేవి కరెంట్లే, ఓములు కాదు. అందుకే ఓములను ముందు కరెంటు భాషలోకి తిప్పి, కూడి, మళ్లీ ఓముల్లోకి తిప్పుకుంటాము. దీనికి ఒక సరిచూపు కూడా ఉంది. రెండు నిరోధాలు సమాంతరంగా ఉంటే ఫలితం వాటిలో చిన్నదానికంటే తక్కువగానే ఉండాలి, కానీ ఆ చిన్నదానిలో సగానికంటే తగ్గకూడదు. మీ గుంతలకు జవాబు 3కూ 6కూ మధ్య ఎక్కడో ఉండాలి. 0.28 అని కనబడగానే పెన్ను ఆగాలి.

కొలత విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పనిలో చేరిన కొత్తలో ఒక జిన్నింగ్ మిల్లులో రెండు గుంతలనూ కలిపే పట్టీ విప్పకుండానే ఒక్కొక్కదాన్నీ కొలిచాను. రెండూ దాదాపు ఒకే అంకె చూపాయి. నేను సంతోషించి, రెండింటినీ సమాంతర సూత్రంలో వేసి, వచ్చినదాన్ని రిజిస్టరులో రాశాను. నిజానికి మీటరు చూపినది అప్పటికే కలిసి ఉన్న రెండు గుంతల విలువ. దానికి నేను మళ్లీ ఒకసారి వ్యుత్క్రమాలు కలిపి ఉన్నదాన్ని సగం చేశాను. కాబట్టి సప్లై ఆపి, పట్టీ విప్పి, విడివిడిగా కొలిచారో లేదో చూసుకోండి. 6, 9 అని వేర్వేరు అంకెలు వచ్చాయంటే మీరు విప్పే కొలిచి ఉంటారు. మరొకటి, రెండు గుంతల మధ్య దూరం ఎలక్ట్రోడు పొడవుకు కనీసం రెట్టింపు ఉండాలి. మూడు మీటర్ల పైపులను రెండు మీటర్ల దూరంలో పాతితే ఒకదాని మట్టిలోనే రెండవది కూడా కరెంటును దించుతున్నట్టు అవుతుంది, అప్పుడు 3.6 అన్న లెక్క కాగితం మీదే ఉంటుంది, అసలు విలువ అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు ఈ 3.6 ఓములతో ఎంసీబీ పడుతుందా, అంటే సప్లై తెంపుతుందా లేదా అన్నది చూద్దాం. మన ప్రాంతంలో వినియోగదారుడు తన ఎర్త్ తానే తవ్వుకుంటాడు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు దాని ఎర్త్ దానికి ఉంటుంది. మోటారు బాడీకి ఫేజు తగిలినప్పుడు కరెంటు మీ గుంతల్లో దిగి, నేల గుండా పోయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌లో ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు 2 ఓములు ఉన్నాయనుకుంటే దారి మొత్తం 5.6 ఓములు, కరెంటు 230 ÷ 5.6, అంటే 41 ఆంపియర్లు. సీ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని రేటింగుకు ఐదు నుంచి పది రెట్ల కరెంటు కావాలి. ఖాయంగా పడుతుందని చెప్పాలంటే పది రెట్లు, అంటే సీ32కు 320 ఆంపియర్లు. మీ 41 ఆంపియర్లు 32కు 1.28 రెట్లు మాత్రమే. 1.45 రెట్ల కరెంటుకు గంటలోపు పడాలన్నది ఎంసీబీల ప్రమాణం, 1.28 రెట్లకు గంటలోపు కూడా పడాలన్న హామీ లేదు. అంతసేపూ మోటారు బాడీ మీద 41 × 3.6, అంటే దాదాపు 148 వోల్టులు నిలిచి ఉంటాయి. గిర్నిలో చెమట చేతులతో మిరపకాయలు పోసే మనిషి ఆ బాడీనే ముట్టుకుంటాడు.

మీ 0.28 నిజమని నమ్మి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌ను కూడా మరచిపోతే 230 ÷ 0.28 = 821 ఆంపియర్లు వస్తాయి, సీ32 టప్పున పడుతుందని తేలుతుంది. ఒక్క మీట నొక్కకపోతే చావుకూ బతుకుకూ మధ్య ఉన్న జవాబు తారుమారవుతుంది కనుకనే ఇంతసేపు దీని మీద ఉన్నాను.

ఎంసీబీతోనే ఎర్త్ ఫాల్టును తెంపాలంటే దారి మొత్తం ఎంత ఉండాలో వెనుక నుంచి లెక్క కట్టండి: 230 ÷ 320 = 0.72 ఓములు. ఎంసీబీ రేటింగు రెట్టింపైతే అనుమతించే ఓములు సగమవుతాయి, సీ16కు 1.44, సీ32కు 0.72, సీ63కు 0.37. మట్టి గుండా పోయే దారికి ఈ విలువలు సాధ్యం కావు, చెల్క నేలల్లో మొరం తగిలిన చోట అసలే కావు. ఆర్‌సీసీబీ దగ్గర ఇదే భాగహారం మనకు అనుకూలంగా పనిచేస్తుంది. బాడీ మీద 50 వోల్టులు దాటకూడదనుకుంటే 30 మిల్లీఆంపియర్ల దానికి 50 ÷ 0.03 = 1667 ఓములు, 300 మిల్లీఆంపియర్ల దానికి 167 ఓముల వరకు లెక్క ఒప్పుకుంటుంది. ఈ అంకె చూసి గుంతల్లో నీళ్లు పోయడం మానేయమని నా అర్థం కాదు. వర్షాకాలంలో 6 చూపిన గుంత మే నెలలో ఎంత చూపుతుందో ఆ గుంతకే తెలియాలి. మోటార్ల వైపు నాలుగు పోళ్ల 300 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సాకెట్లకూ లైట్లకూ 30 మిల్లీఆంపియర్లది విడిగా పెట్టించండి. అన్నిటికీ కలిపి ఒకే 30 మిల్లీఆంపియర్లది పెడితే మోటార్ల సహజ లీకేజీకే మాటిమాటికీ పడుతుంది, విసుగొచ్చి ఎవరో ఒకరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు.

ఫేజూ న్యూట్రలూ కలిసిపోయే షార్ట్ సర్క్యూట్ సంగతి వేరు, అక్కడ మట్టి లేదు, తీగలే ఉన్నాయి. ఇక్కడ వ్యుత్క్రమం వల్ల వచ్చే ఒక మెలిక ఉంది. రాగి తీగ నిరోధానికి నేను పట్టిక చూడను. 20 డిగ్రీల దగ్గర ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ 58 మీటర్లకు ఒక ఓము ఇస్తుంది, కాబట్టి పొడవును 58తోనూ మందంతోనూ భాగిస్తే సరిపోతుంది. ఈ 58 కూడా వాహకత్వమే. పట్టికల్లో కనిపించే 0.01724 అన్నది దాని వ్యుత్క్రమం. మీ బోర్డు నుంచి షెడ్డు చివరి లైట్ల దాకా 40 మీటర్లు, తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. పోయి రావడానికి 80 మీటర్లు, అంటే 80 ÷ (58 × 2.5) = 0.55 ఓములు. బోర్డు దాకా ఉన్న సప్లై దారి 0.35 ఓములు అనుకుంటే మొత్తం 0.90, కరెంటు 255 ఆంపియర్లు. చేతిలో ఉన్న సీ25 ఎంసీబీకి 250 కావాలి కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. కానీ లోడు మీద ఉన్న పీవీసీ తీగ 70 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది, రాగి నిరోధం అప్పటికి దాదాపు 1.2 రెట్లవుతుంది. 0.55 కాస్తా 0.66 అవుతుంది, మొత్తం 1.01, కరెంటు 227కు పడిపోతుంది. సీ25 ఇక ఖాయం కాదు. పైగా యాసంగిలో బోర్లన్నీ ఒకేసారి నడిచే వేళ లైను చివర వోల్టేజీ 200కు దిగితే కరెంటు 198కి వస్తుంది, అప్పుడు సీ20 మీద కూడా భరోసా పెట్టలేము. ఆ తీగకు ఆ షెడ్డు వేడిలో సీ16 పెట్టడమే సరి, దానికి 160 ఆంపియర్లు చాలు.

ఎంసీబీ పడుతుందా అని అడిగినప్పుడు అతి తక్కువ కరెంటును, అంటే అతి ఎక్కువ నిరోధాన్ని తీసుకోవాలి: వేడి తీగ, చివరి పాయింటు, తగ్గిన వోల్టేజీ. పడేటప్పుడు ఎంసీబీ పగలకుండా తట్టుకుంటుందా అని అడిగినప్పుడు దీనికి సరిగ్గా ఎదురు: చల్లని తీగ, బోర్డు దగ్గరే షార్ట్. వ్యుత్క్రమం తీస్తే పెద్దది చిన్నదవుతుంది కాబట్టి, ‘జాగ్రత్త కోసం కాస్త ఎక్కువ వేసుకుందాం’ అని నిరోధాన్ని ఎక్కువగా రాయడం మొదటి లెక్కలో జాగ్రత్త అవుతుంది, రెండవ లెక్కలో ప్రమాదమవుతుంది. రెండవ లెక్క మీకు ఇబ్బంది పెట్టదు: 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు 433 వోల్టుల దగ్గర 133 ఆంపియర్లు, ఇంపెడెన్స్ (కరెంటుకు దాని లోపలి అడ్డు) 4.5 శాతమైతే షార్ట్ కరెంటు 133 ÷ 0.045, అంటే దాదాపు 2960 ఆంపియర్లు. అది కూడా ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర. పది కిలోఆంపియర్లు అని రాసి ఉన్న ఎంసీబీ నిశ్చింతగా తట్టుకుంటుంది.

రెండవ ప్రశ్నకు జవాబు ఒక వాక్యంలో చెప్పవచ్చు: కేబుల్ వైపు నుంచి వస్తే గుణించండి, లోడు వైపు నుంచి వస్తే భాగించండి. పట్టికలో 50 ఆంపియర్లు అని ఉన్న కేబుల్ 45 డిగ్రీల వేడిలో 50 × 0.79, అంటే 39.5 ఆంపియర్లే మోస్తుంది. అదే మీకు 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది, ఏ కేబుల్ కావాలి అంటే 32 ÷ 0.79 = 40.5, పట్టికలో ఈ అంకెకు తగ్గని కేబుల్‌ను వెతకాలి. పక్కన మరో సర్క్యూట్ అదే పైపులో పోతూ ఉంటే దాని 0.8ను కూడా కలుపుకొని 32 ÷ (0.79 × 0.8) = 50.6. పొరపాటున 32ను 0.79తో గుణిస్తే 25 వస్తుంది, వేడి పెరిగింది కాబట్టి సన్న తీగ చాలు అన్నంత వింత జవాబు అది. మే నెలలో మధ్యాహ్నం ఆ రేకుల కింద ఒక్క గంట నిలబడ్డ మనిషి ఆ జవాబును ఒప్పుకోడు.

ఆ 0.79 ఎక్కడిదో తెలిస్తే మరో పొరపాటు తప్పుతుంది. పీవీసీ తీగ 70 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ గాలి 30 డిగ్రీలుంటే వేడెక్కడానికి 40 డిగ్రీల సందు ఉంటుంది, 45 ఉంటే 25 డిగ్రీల సందే మిగులుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి గుణకం 25/40 యొక్క వర్గమూలం, అదే 0.79. కానీ మన దేశంలో చాలా కేబుల్ పట్టికలు 30 డిగ్రీలకు కాక 40 డిగ్రీలకు రాసి ఉంటాయి. అప్పుడు గుణకం 25/30 యొక్క వర్గమూలం, 0.91. పట్టిక ఒక పుస్తకంలోనిది, గుణకం మరో పుస్తకంలోనిది వాడితే కేబుల్ అనవసరంగా లావవుతుంది, లేదా ప్రమాదకరంగా సన్నబడుతుంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఏ ఉష్ణోగ్రత రాసి ఉందో ముందు చదవండి.

మోటారు కరెంటు లెక్కలోనూ ఇదే దిక్కు. పది హెచ్‌పీ అంటే 7.46 కిలోవాట్లు షాఫ్టు మీద వచ్చేది. లైను నుంచి తీసుకునేది అంతకంటే ఎక్కువ ఉండాలి కాబట్టి ఎఫిషియెన్సీతోనూ పవర్ ఫ్యాక్టర్‌తోనూ భాగిస్తాము. 0.87, 0.85 అనుకుంటే 7.46 ÷ 0.87 ÷ 0.85 = 10.1 కేవీఏ, 415 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. గుణించినవారికి 7.7 ఆంపియర్లే వస్తుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. మోటారును ముందు తక్కువ వోల్టేజీతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం మితిమీరితే ఆపేది) వైండింగ్ దారిలో కూర్చుంటుంది, అక్కడ లైను కరెంటులో 1/1.732, అంటే 0.577 వంతే పోతుంది. కాబట్టి సరైన సెట్టింగు 14 × 0.577 = 8.1. తప్పు లెక్క 7.7 దీనికి దగ్గరగా ఉండటం వల్ల మోటారు నడుస్తుంది, తప్పు బయటపడదు, చేసినవాడు తన లెక్క సరైనదేననుకుని తర్వాతి గిర్నిలో మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టర్‌కు కూడా అదే వాడతాడు. అక్కడ రిలే పడుతూ ఉంటే స్క్రూ తిప్పి పెంచుకుంటూ పోతాడు.

మూడవ ప్రశ్నలో మీ మాస్టారూ, కాంట్రాక్టరూ ఇద్దరూ సరే. ఒక్కొక్కరి గరిష్ఠ లోడుల మొత్తాన్ని, అందరూ కలిసి వాడిన గరిష్ఠ లోడుతో భాగిస్తే వచ్చేది డైవర్సిటీ ఫ్యాక్టర్, అది ఒకటికి తగ్గదు. హనుమకొండలో పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు 5 కిలోవాట్లు, మొత్తం 60. ఎప్పుడు చూసినా మెయిన్ మీటరు 24 దాటదనుకుంటే ఫ్యాక్టర్ 2.5, దానితో భాగించాలి. దీని వ్యుత్క్రమం 0.4ను కోయిన్సిడెన్స్ ఫ్యాక్టర్ అంటారు, దానితో గుణించాలి. కొన్ని వైరింగ్ పుస్తకాలు దీన్నే డైవర్సిటీ అని పిలుస్తాయి. పేరు చూడకండి, అంకె చూడండి: ఒకటి కంటే పెద్దదైతే భాగించండి, చిన్నదైతే గుణించండి. మీ గిర్నికి మాత్రం డైవర్సిటీ వాడవద్దు. మిర్చి సీజనులో రెండు మోటార్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా కలిసే నడుస్తాయి: 14, ఐదు హెచ్‌పీకి సుమారు 7.5, లైట్లకు 3, మొత్తం 24.5 ఆంపియర్లు; మెయిన్ సీ32 సరిపోతుంది.

మీరు అడగకపోయినా న్యూట్రల్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ కాపాడవు. ఉపకరణం నిరోధం వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే వస్తుంది. వాట్లు ఎక్కువైన కొద్దీ ఓములు తక్కువ. 2000 వాట్ల గీజరు 26 ఓములు, 100 వాట్ల బల్బు 529 ఓములు. రెండూ వేర్వేరు ఫేజుల మీద ఉండగా మెయిన్ న్యూట్రల్ ఊడితే అవి రెండూ 400 వోల్టుల మధ్య వరుసగా నిలబడతాయి. వాటిలో పోయే కరెంటు 400 ÷ 555 = 0.72 ఆంపియర్లు మాత్రమే, ఏ ఎంసీబీకీ అది పట్టదు. కానీ బల్బు మీద 381 వోల్టులు పడతాయి. పెద్ద లోడు బాగానే ఉండి చిన్నవే కాలిపోయాయంటే ఫేజు కోసం కాదు, న్యూట్రల్ కోసం వెతకాలి. మీ మెయిన్ బోర్డులో న్యూట్రల్ లింకు స్క్రూలను మోటార్లు ఒక వారం నడిచిన తర్వాత మరోసారి బిగించండి, నాలుగు పోళ్ల ఐసోలేటరులో (సప్లైని పూర్తిగా విడదీసే స్విచ్) న్యూట్రల్ పోలు ముందు కలిసి చివర విడిపోయే రకమేనా చూసుకోండి, గుంతలను మే నెలలో పట్టీ విప్పి మళ్లీ కొలిచి ఆ అంకెలు పంపండి.